గుర్రు చూపు

మోటార్‌సైకిల్ వెనక చక్రాన్ని రెండు చేతులా పైకెత్తి, నడుము తిప్పి, ఇజ్రాయేల్ దాన్ని గోడకేసి కొట్టాడు. అద్దం పగిలి మోరీ మూత మీద పడింది. ఆగకుండా పక్కనున్న స్కూటర్ దగ్గరికి నడిచాడు. ఆబిడ్స్‌లో ఆ సందు లోపల భూపాల్ బ్యాగుల టోకు దుకాణం ఉంది. నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసు నుంచి సరుకు ఏ వేళకైనా రావచ్చు. వచ్చినప్పుడు ట్రాలీ ఆటో తిన్నగా దుకాణం మెట్ల దాకా పోవాలి. అందుకని మెట్ల ముందు ఏ బండీ ఆగకూడదు. ఆగిన బండిని ఎత్తి పారేయడం ఇజ్రాయేల్ ఉద్యోగం.

“ఏయ్, ఎవని బండి అనుకుంటున్నవ్ రా?” అంటూ ఎదురుగా ఒక ఎర్రచొక్కా పరుగున వచ్చింది.

ఇజ్రాయేల్ స్కూటర్ వదిలి తిరిగాడు. మెడ ముందుకు చాచాడు. కనుబొమలు దగ్గరికి లాక్కుని, కళ్లను సన్నని చీలికలు చేసి, ముక్కు మొదట రెండు నిలువు గాట్లు పడేలా బిగించి చూశాడు. ఆరడుగుల మనిషి. మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలవుతుందో తెలియని ఒళ్లు. ఎడమ చెవి మీద పాత కత్తిగాటు. వాటన్నిటినీ మించి ఆ చూపు.

ఎర్రచొక్కా అడుగులు చిన్నవయ్యాయి.

“పెట్టొద్దంటే చెప్పాలె గదా అన్నా. అద్దం పలగ్గొడ్తే ఎట్ల,” అని గొణిగి, బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

అతని ముఖం ఎలా ఉందని ఇజ్రాయేల్‌ను అడిగితే చెప్పలేడు. అతనికి కనిపించింది ఒక ఎర్ర మరక, దాని మీద ఇంకొక చామనచాయ మరక. చెయ్యి చాస్తే అందేంత దగ్గరకు వస్తే తప్ప మనుషులకు కళ్లూ ముక్కూ ఉన్నట్టు అతనికి తెలియదు. కళ్లు చికిలిస్తే మరక అంచులు కాస్త బిగుస్తాయి. అందుకని చికిలిస్తాడు. చూసేవాళ్లు దాన్ని కోపం అనుకుంటారు.

మెదక్‌లో బడికి పోయిన రోజుల్లో బోర్డు మీదిది చదవమంటే చదవలేక పంతులు చేతిలో బెత్తం దెబ్బలు తిన్నాడు. ఆ సంగతి తెలిసి తండ్రి బెల్టు తీసేవాడు. రెండు చోట్లా దెబ్బలే పడుతున్నప్పుడు ఒక చోటైనా తగ్గించుకోవడం మేలని బడి మానేశాడు. మీసాలు వచ్చేనాటికి నాంపల్లి స్టేషన్‌లో మూటలెత్తే పనిలో ఉన్నాడు. మొదటి వారమే అక్కడి మేస్త్రీ, “నన్నే గుర్రుగ చూస్తున్నవా?” అని చెంప మీద కొట్టాడు. ఇజ్రాయేల్ చూస్తున్నది మేస్త్రీ వెనక గోడ మీదున్న గడియారాన్ని. ఆ మాట చెప్పేలోగా రెండో దెబ్బ పడింది. మూడోది పడకముందే మేస్త్రీ చెయ్యి పట్టుకుని వెనక్కి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు ప్లాట్‌ఫారం మీద చాలామంది విన్నారు. ఆనాటి నుంచి అతను గుర్రు ఇజ్రాయేల్.

భూపాల్ అతణ్ని పనిలోకి తీసుకున్నది ఆ పేరు విని. కండబలం ఉన్నవాళ్లు నాంపల్లిలో ఎంతమందైనా దొరుకుతారు. వాళ్లను పెట్టుకుంటే రోజుకో కొట్లాట, వారానికో పోలీసు. చూపుతోనే సందు ఖాళీ అవుతుంటే ఆ బెడద లేదు. భయం కూడా సరుకే. మంచి రకం భయం తక్కువ వాడకంతో ఎక్కువ కాలం వస్తుంది. భూపాల్ వ్యాపారం తెలిసినవాడు కాబట్టి ఆ సంగతి ఇజ్రాయేల్‌ను చూడగానే పోల్చుకున్నాడు.

ఇజ్రాయేల్ కూడా తన సరుకు గుణం నెమ్మదిగా నేర్చుకున్నాడు. ఎవరినీ దగ్గరకు రానివ్వకూడదు. దగ్గరకు వస్తే ఎదుటి ముఖం కనబడుతుంది. కనబడగానే కనుబొమల ముడి దానంతటదే విప్పుకుంటుంది. అప్పుడు అతని ముఖం ఆదివారం చర్చిలో, గోడ పలక మీది కీర్తన సంఖ్య కనబడక, పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసే మనిషి ముఖం. దానికి ఎవరూ భయపడరు. అందుకే ఎవరైనా దగ్గరకు వచ్చేలోపే కొట్టేవాడు. జామకాయల శంకరమ్మ బండిని తన్నింది అలాగే. బెల్టులమ్మే పెంటయ్య తమ్ముణ్ని మెట్ల మీద నుంచి తోసిందీ అలాగే. ఆ తమ్ముడు ఇప్పటికీ కుంటుతాడు.

కళ్లజోడు పెట్టుకుంటే చూపు ఇంకా చెడిపోతుందని ఎవరో అన్నారు. ఆ మాట అతనికి బాగా పనికొచ్చింది. ఎన్నాళ్లు గడిచినా దాన్నే పట్టుకున్నాడు. అసలు భయం వేరు. కళ్లజోడు పెట్టుకున్న మనిషిని చూసి ఎవడు జంకుతాడు?

స్కూటర్‌ను కూడా పక్కకు నెట్టి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఎడమ కంటి ముందు చెయ్యి విసిరాడు. మళ్లీ విసిరాడు.

“ఎవనితోని కొట్లాట తమ్మీ, ఈగతోనా?” అన్నాడు బాలమల్లు, చాయ్ గ్లాసు అందిస్తూ. నాంపల్లి నుంచి సరుకు తెచ్చే ట్రాలీ ఆటో అతనిదే. ఇద్దరూ ఒకే కాలంలో స్టేషన్‌లో మూటలెత్తినవాళ్లు.

“కంట్ల దోమలు తిరుగుతున్నయే అన్నా. చెయ్యి కొడ్తె పోతలేవు.”

“ఎప్పట్నుంచి?”

“మొన్న ఆ మొబైల్ కవర్లోడు మోచెయ్యితోని కణత మీద కొట్టిండు చూడు, గప్పట్నుంచి. పండుకున్నంక కన్ను మూస్తే మెరుపులు గూడ వస్తున్నయ్.”

“నీకు కంట్ల వాన పడుతున్నట్టుంది,” అని బాలమల్లు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, “బిడ్డను కొట్టినవంట గద నిన్న. పొద్దుగాల యూనీసు కనవడ్డది. ఏడ్చింది,” అన్నాడు.

ఇజ్రాయేల్ చాయ్ తాగాడు.

నిన్న సాయంత్రం నాంపల్లిలో రైలు పట్టాల పక్కనున్న తమ ఇంటికి పోతుంటే, గడప మీద కూర్చున్న జెర్లిన్ అతని వైపు చూసింది. దగ్గరకు పోయేసరికి ఆ చూపు అతనికి కనబడింది. మెడ ముందుకు చాచి ఉంది. కళ్లు చీలికలుగా ఉన్నాయి. ముక్కు మొదట గాట్లు ఉన్నాయి. తన చూపే అది. లోకాన్ని భయపెట్టే చూపును కన్నకూతురు తన మీదికే ఎక్కుపెట్టిందనుకున్నాడు. “ఎవర్ని చూస్తున్నవే గట్ల?” అని చెంప మీద కొట్టాడు. తెరుచుకున్న తలుపు అంచుకు పిల్ల నోరు తగిలి పెదవి చిట్లింది. పన్నెండేళ్ల పిల్ల ఏడవలేదు. అందుకని ఇంకొకటి కొట్టాడు.

ఫోన్ మోగింది. యూనీస్. అతని భార్య. స్టేషన్ ఎదుటి లాడ్జిలో గదులు ఊడ్చి, పక్కలు మార్చే పని ఆమెది.

“బిడ్డను తోల్కొని అద్దాల దుకాణంకాడ ఉన్న. నీ సందుకు ఎదురుంగనే. స్కూల్ల కండ్లు చూసిన్రంట, తొందరగ చూపియ్యుమని టీచరమ్మ చెప్పింది. నువ్వు గూడ రా. రాకుంటె నీ ఇష్టం,” అని ఫోన్ పెట్టేసింది. నిన్నటి నుంచి ఆమె అతనితో అంతకన్న ఎక్కువ మాట్లాడలేదు.

అద్దాల దుకాణం మెయిన్ రోడ్డు మీద, ముందంతా గాజు. కళ్లు పరీక్ష చేసే అమ్మాయి పేరు శ్రీవిద్య. ఇజ్రాయేల్ పోయేసరికి ఆమె చీకటిగా ఉన్న వెనక భాగంలో జెర్లిన్‌ను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాలు చదివిస్తోంది. పై వరుసలోని ఒక్క పెద్ద అక్షరం తప్ప జెర్లిన్ ఇంకేదీ చదవలేదు. శ్రీవిద్య ఒక గుండ్రటి ఇనప ఫ్రేమ్ పెట్టి, అందులో బిళ్లలు ఒకదాని తర్వాత ఒకటి మార్చింది. పిల్ల వరుస వెంట వరుస చదువుతూ పోయింది.

“మైనస్ మూడు దాటింది. ఇన్నాళ్లు క్లాసులో ఎలా నెట్టుకొచ్చావు?” అంది శ్రీవిద్య.

“పక్కదాని నోట్‌బుక్‌ల చూసి రాసుకుంట మేడమ్.”

“పెదవికి ఏమైంది?”

“పడ్డ.”

యూనీస్ గోడ వైపు చూసింది. ఇజ్రాయేల్ తన చెప్పుల వైపు చూశాడు. ఫ్రేమ్‌తోనే జెర్లిన్ తండ్రి వైపు తిరిగింది. ముక్కు మొదట గాట్లు లేవు. కళ్లు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి.

“నేను గుర్రుగ చూడలే డాడీ. వచ్చేది నువ్వేనా కాదా అని చూసిన.”

ఆ మాట అతనికి మేస్త్రీ దెబ్బకన్నా గట్టిగా తగిలింది. తన జీవితంలో తను చెప్పుకోలేకపోయిన మాట అదే. చెప్పేలోగా రెండో దెబ్బ కొట్టినవాడు ఈసారి తనే.

శ్రీవిద్య యూనీస్‌కు చెబుతోంది. “లేచినప్పటి నుంచి పడుకునేదాకా కళ్లజోడు తియ్యకూడదు. ఫోన్ అయినా పుస్తకమైనా మోచేతి దూరంలో పట్టుకోవాలి. రోజూ ఎండలో, బయట ఆడుకోవాలి, కంటికి అది మందు లాంటిది. రాత్రి పూట వేసే చుక్కలు ఉన్నాయి, నంబరు పెరగడాన్ని నెమ్మది చేస్తాయి. అవి డాక్టరే రాయాలి. ఆరు నెలలకోసారి మళ్లీ చూపించాలి.”

“అద్దాలు పెడ్తె చూపు ఇంక పాడైతదంటరు గద మేడమ్?” అన్నాడు ఇజ్రాయేల్.

“పెట్టకపోతే పిల్ల చదువు పాడవుతుంది. చూపించకుండా వదిలేస్తే కన్నే పాడవుతుంది. కంటి గుడ్డు లోపల పొడుగ్గా సాగుతూ పోతుంది. సాగే కొద్దీ లోపలి పొర పల్చనవుతుంది.” ఆమె అతని నుదురు చూసి ఆగింది. “మీరు ఎప్పుడైనా చూపించుకున్నారా? కూర్చోండి.”

అతను ముందున్న గాజు వైపు చూశాడు. బయట అంతా రంగులు. కూర్చున్నాడు.

బిళ్లలు మారుతూ పోయాయి. పిల్లకు పట్టినవాటికన్నా చాలా ఎక్కువ. చివరకు గోడ మీద కింది వరుస అక్షరాలు కూడా నల్లగా, విడివిడిగా నిలబడ్డాయి. “అలాగే లేచి, బయటకు చూడండి,” అంది శ్రీవిద్య. కొత్తగా చూపు వచ్చినవాళ్లను అలా తలుపు దాకా పంపించడం ఆమెకు ఇష్టం.

ఇజ్రాయేల్ ఆ ఇనప ఫ్రేమ్‌తో గాజు తలుపు దగ్గర నిలబడ్డాడు. రోడ్డు అవతల తన సందు ఉంది. ఇన్నేళ్లుగా తను కాపలా కాసిన సందు. అందులో మనుషులు ఉన్నారు. బస్సు నంబరు, తీగల మీద పావురాల కాళ్లు, భూపాల్ బోర్డు మీద రాలిపోయిన రంగు, అన్నీ ఒకేసారి కళ్ల మీద పడ్డాయి. ట్రాలీకి ఆనుకున్న బాలమల్లు తల పూర్తిగా నెరిసిపోయి ఉంది. ఎప్పుడు నెరిసింది? ఫుట్‌పాత్ మీద ఆకుపచ్చ చీరలో జామకాయలు తూస్తున్న శంకరమ్మ ఎడమ మణికట్టు పక్కకు వంకరపోయి ఉంది. తను తన్నిన బండి కింద పడిన చెయ్యి అదేనని అతనికి వెంటనే తెలిసింది. ఆమె తల ఎత్తింది. రోడ్డుకు ఇవతల, గాజు వెనక ఉన్నా అతణ్ని పోల్చుకుని, భుజాలు ముడుచుకుని బండి వెనక్కి జరిగింది. ఎన్నేళ్ల నుంచో అందరూ తనను చూసి అలాగే జరుగుతూ ఉండాలి. తనకు కనబడింది మరక కదలడమే.

బెల్టులు అమ్మే పెంటయ్య మాత్రం జరగలేదు. ఫుట్‌పాత్ బండ్లవాళ్లకు పెద్ద అతను. భుజం మీద బెల్టుల గుత్తితో నిలబడి ఇటే చూస్తున్నాడు. ముందు అతని నోరు తెరుచుకుంది. తర్వాత పక్కవాణ్ని మోచేత్తో పొడిచి ఏదో చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. ఇజ్రాయేల్‌కు వాళ్ల పళ్లు కూడా కనబడ్డాయి.

అతను వెనక్కి వచ్చి ఫ్రేమ్ తీసి ఇచ్చేశాడు. మెరుపుల సంగతి, దోమల సంగతి అప్పుడు చెప్పాడు. శ్రీవిద్య చేతిలో ఉన్న బిళ్లల పెట్టె పక్కన పెట్టింది.

“కణత మీద దెబ్బ తగిలాకే మొదలైందా?”

“ఔ మేడమ్.”

“గోడకంటించిన పోస్టరు మూల ఊడి గాలికి లేస్తుంది చూశారా, మీ కంటి లోపల పొర అలా లేస్తున్నట్టుంది. పూర్తిగా ఊడితే చూపు పోతుంది. చిరుగు చిన్నదైతే లేజరుతో అంటిస్తారు. ఊడితే ఆపరేషన్. ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా తిరిగి రాకపోవచ్చు. ఇవాళే పెద్ద కంటి ఆసుపత్రికి పోవాలి. రేపు కాదు. అప్పటిదాకా బరువులెత్తకండి. తలకు చిన్న దెబ్బ కూడా తగలనివ్వకండి.”

ఇజ్రాయేల్‌కు నవ్వొచ్చింది. “తలకు దెబ్బ తగులుడే నా పని మేడమ్.”

“అయితే ఇవాళ పని మానెయ్యండి.”

యూనీస్ లేచి నిలబడింది. “ఆటో మాట్లాడుత. ఇట్లనే పోదాం.”

“సేఠ్‌కు చెప్పొస్త. బిడ్డకు అద్దాలు బిగిచ్చేదాక ఈడనే కూసోండ్రి. గంట గూడ పట్టది.”

“ఫోన్‌ల చెప్పరాదూ?”

ఫోన్‌లో చెప్పే మాట కాదది. అతను వెళ్లిపోయాడు.

భూపాల్ కౌంటర్ వెనక సూట్‌కేసుల తాళాలు పరీక్షిస్తున్నాడు. అంతా విన్నాడు.

“పోరా, ఎవడొద్దన్నడు? కన్ను కన్న ఎక్కువనా? ట్రాలీ దిగంగనే పో. బాలమల్లు నాంపల్లికి పోయిండు, వస్తుంటడు. సందు మొదట్ల పెంటయ్య మనుషులు బండ్లు అడ్డం పెట్టిన్రు, చూసినవా? నువ్వు చెయ్యి లేపుడు అక్కర్లే. జర నిలవడు, చాలు.”

“రేపట్నుంచి కళ్లజోడు పెట్టుకుంట సేఠ్.”

“పెట్టుకో. ఇంట్ల పెట్టుకో. ఈడెందుకు?”

మెత్తగానే అన్నాడు. అందులో ఉన్నదంతా ఇజ్రాయేల్‌కు అర్థమైంది. జెర్లిన్‌కు ఏటా అద్దాలు మార్చాలి, చుక్కలు వెయ్యాలి, బడి ఆగకూడదు. యూనీస్ ఊడ్చే పని ఒక్కటే వాటన్నిటినీ మొయ్యదు. ఎడమ కన్ను పోతే కుడిది ఉంటుంది. ఉద్యోగానికి అలా జత లేదు. ఒకటి ఒడ్డి ఒకటి కాపాడుకోవడం మనుషులు రోజూ చేసే పనే. అతను కూడా అదే చేశాడు. కాసేపే కదా అనుకున్నాడు.

సందు మొదట్లోకి పోయి నిలబడ్డాడు. బండ్లు అడ్డంగా ఉన్నాయి. వాటి వెనక రంగులు. మెడ చాచి, కనుబొమలు బిగించి చూశాడు. ఇంతకు ముందైతే ఆ పాటికి చక్రాలు కదిలేవి. ఇవాళ ఏదీ కదల్లేదు.

“గుర్రూ,” అన్నది పెంటయ్య గొంతు. ఆ పేరు అతని ముందు ఎవరూ అనేవాళ్లు కాదు. “నేను ఎన్ని వేళ్లు చూపిస్తున్న చెప్పు.”

ఒక మరక మీదుగా ఇంకొక చిన్న మరక లేచింది. ఇజ్రాయేల్ ఇంకా చికిలించాడు.

“చెప్పరాదూ. నోట్ల నాలుకుంది గద.”

“బండ్లు తియ్యుండ్రి. ట్రాలీ వస్తది.”

“తీస్తం. ఎన్ని వేళ్లో చెప్తే తీస్తం.”

“రెండు,” అన్నాడు ఇజ్రాయేల్.

ఎత్తిన పిడికిలి అది. సందంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుతో ఇన్నేళ్ల సరుకు ఒక్క క్షణంలో పాడైపోయింది. చూపు వెనక ఏమీ లేదని, ఆ మనిషి తమను ఎన్నడూ చూడనే లేదని అందరికీ తేలిపోయింది. గుడ్డివాడికా ఇంతకాలం దండం పెట్టామన్న కసి నవ్వు వెనకే వచ్చింది.

“మా తమ్ముని కాలు ఇరగ్గొట్టినప్పుడు వాని మొఖం చూసినవా రా?” అని పెంటయ్య దగ్గరకు వచ్చాడు.

ఇజ్రాయేల్ ముందు కొట్టాడు. అలవాటు. పిడికిలి పెంటయ్య దవడకు తగిలి అతను బండి మీద పడ్డాడు. బండి ఒరిగి పర్సులు, తాళంగుత్తులు రోడ్డు మీద చిందాయి. వెంటనే రెండు వైపుల నుంచీ బెల్టులు లేచాయి. తోలు వీపు మీద పడింది. ఒక బెల్టు ఇత్తడి బకిల్ ఎడమ కనుబొమ మీద పడి చర్మం చీలింది. ఒకణ్ని మెడ పట్టి షట్టరుకేసి కొట్టాడు. ఇంకొకడు నడుముకు కరుచుకుంటే మోకాలితో మూతి పగలగొట్టాడు. రక్తం ఎవరిదో తెలియడం లేదు. దగ్గరకు వచ్చిన ప్రతి ముఖమూ ఒక్క క్షణం స్పష్టంగా కనబడుతోంది. కళ్లు, చెమట, పుచ్చుపళ్లు. కొడుతూనే అందరినీ మొదటిసారి చూస్తున్నాడు.

అప్పుడు ఎడమ కంట్లో నల్లనీళ్లు ఎక్కడం మొదలుపెట్టాయి. కింది నుంచి మెల్లగా, బకెట్‌లో నీళ్లు నిండినట్టు. ముందు మనుషుల కాళ్లు మునిగాయి. తర్వాత నడుములు. చెయ్యి కళ్ల ముందు పెట్టి తుడుచుకున్నాడు. రక్తం తుడిచినా నీళ్లు తగ్గలేదు.

ఎడమ పక్క నుంచి ఒక ఆకుపచ్చ మరక వస్తోంది. చీర అని మాత్రం పోల్చుకున్నాడు. కొట్లాటలోంచి తప్పించుకుపోతున్న ఆడమనిషి అనుకుని, తన దెబ్బ తగలకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నల్లనీళ్లు ఆ మరకను కూడా ముంచేశాయి. శంకరమ్మ మంచి చేత్తో తక్కెడ గుండు ఎత్తి అతని కణత మీద కొట్టింది.

ఒక్క దెబ్బ. ఆమె గుండును కొంగులో చుట్టుకుని, జామకాయల బండిని తోసుకుంటూ మెయిన్ రోడ్డు మీదికి వెళ్లిపోయింది. కొట్టింది ఎవరో ఇజ్రాయేల్‌కు కనబడలేదు. చూసినవాళ్లు ఆ రోజూ చెప్పలేదు, తర్వాత పోలీసులు అడిగినప్పుడూ చెప్పలేదు.

అతను మోకాళ్ల మీద పడి, మళ్లీ లేచాడు. లేచాడు కాబట్టి జనం బండ్లు లాక్కుని చెదిరిపోయారు. బాలమల్లు ట్రాలీ హారన్ కొడుతూ సందులోకి వచ్చేసరికి దారి ఖాళీగా ఉంది. భూపాల్ మెట్ల మీద నుంచి చూసి, ముందు సరుకు దించమన్నాడు. పెట్టెలు లోపలికి పోయేదాకా ఇజ్రాయేల్ గోడకానుకుని నిలబడ్డాడు.

“ఖాళీ చేపిచ్చిన సేఠ్,” అన్నాడు. “పోత ఇగ.”

“పో, పో. దవాఖానకు పోయి పట్టీ వేయించుకో. ఫికర్ చెయ్యకు.”

బాలమల్లు అతణ్ని ట్రాలీ వెనక చెక్కల మీద కూర్చోబెట్టాడు. యూనీస్‌కు ఫోన్ చేసి, తనే తీసుకుపోతున్నానని, వాళ్లు వేరే ఆటోలో రమ్మని చెప్పాడు. ఆబిడ్స్ సర్కిల్ దాటి నాంపల్లి వైపు తిరిగాక బండ్లు కిక్కిరిసి ఆగాయి. ముందు సీటుకూ వెనక చెక్కలకూ మధ్య ఇనప జాలీ మాత్రమే ఉంది.

“ఎట్లుంది తమ్మీ?”

“నొప్పేం లేదు. నిద్రొస్తున్నది.”

“పండుకోకు. మాట్లాడు.”

పక్కన బస్సు ఇంజిన్ గుర్రుమంటోంది.

“అన్నా, నీకు ముసల్తనం వచ్చిందే.”

“ఇప్పుడు చూసినవా?”

“ఇయ్యాల్నే చూసిన. తలంత తెల్లగైంది. నాకెందుకు చెప్పలే?”

“నెత్తి నెరిసిందని ఎవడన్న చాటింపు ఏస్తడా?” అని బాలమల్లు నవ్వాడు. వెనక నుంచి కూడా ఒక చిన్న నవ్వు వినబడింది.

“జెర్లిన్ నన్ను చూస్తుంటే కొట్టిన అన్నా. అది నన్ను చూస్తున్నదంతే.”

“ఎరుకైంది గద. ఇంటికి పోయినంక చెప్పు దానికి.”

దారి తెరుచుకుంది. స్టేషన్ దాటారు. పైన మెట్రో రైలు పోయింది. ఆ చప్పుడు ఆగాక బాలమల్లు మళ్లీ పిలిచాడు. పలుకు లేదు. నిద్రపోయాడేమోనని తిట్టాడు. తర్వాతి సిగ్నల్ దగ్గర బండి ఆపి, దిగి, వెనక్కి పోయి చూశాడు. ఇజ్రాయేల్ జాలీకి తల ఆనించి కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద ముడి లేదు. సిగ్నల్ పచ్చగా మారింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నా బాలమల్లు కదల్లేదు.

పోలీసులు పెంటయ్యను, ఇంకొందరిని పట్టుకుపోయారు. ఫుట్‌పాత్ కొన్నాళ్లు బోసిపోయింది. తర్వాత ఒక్కొక్క బండే తిరిగి వచ్చింది. శంకరమ్మ మాత్రం ఖైరతాబాద్ వైపు అమ్ముకుంటోందని అన్నారు. భూపాల్ కొత్త మనిషిని పెట్టుకోలేదు. మెట్ల ముందు రెండు ఇనప గుంజలు పాతించి గొలుసు కట్టించాడు. గొలుసుకు అద్దాలు అక్కర్లేదు, పిల్లలు లేరు. ముందే ఈ పని చెయ్యాల్సిందని రెండు మూడు సార్లు అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం యూనీస్ కూతుర్ని తీసుకుని వచ్చింది. అతని సామాన్లేమైనా ఉంటే తీసుకుపొమ్మని భూపాల్ కబురు పెట్టాడు. వెనక గోదాంలో బ్యాగుల దొంతరల మధ్య సన్నని దారి. ఆ చివర గోడకు పనివాళ్లు బట్టలు తగిలించుకునే మేకులు. యూనీస్ లోపలికి పోతూ, “ఏది మీ డాడీదో, దగ్గరికి పోయి చూద్దాం రా,” అంది.

జెర్లిన్ తలుపు దగ్గరే ఆగింది. కళ్లజోడు ముక్కు మీద సరిగ్గా కూర్చుని ఉంది. దగ్గరకు పోవలసిన పని లేకపోయింది. చివరి మేకుకు, తండ్రి ఇంటి నుంచి వేసుకొచ్చి పనిలోకి దిగేముందు విప్పి పెట్టుకునే బూడిదరంగు చొక్కా వేలాడుతోంది. మెడ దగ్గర చిరుగు పట్టిన పోగులు, మడత పెట్టిన చేతులు, పై నుంచి మూడో గుండీ తెల్లదారంతో కాకుండా నల్లదారంతో కుట్టి ఉండడం, అన్నీ అంత దూరం నుంచే కనబడుతున్నాయి.